పరంజా మీద విస్తరి

మఠం గోపురానికి కట్టిన పరంజా మీద నిన్న ఒక కట్టు వదులై, వెదురు జారి, తాపీ పనివాడు పోలయ్య ఇసుక కుప్పలో పడ్డాడు. పడినవాడు నవ్వుతూనే లేచాడు. "ఇసుక ఇక్కడ పోయించిన మహానుభావుడెవరో గాని చల్లగా ఉండాలి" అని చెవుల్లో ఇసుక దులుపుకున్నాడు. అందరూ నవ్వారు. తెల్లారేసరికి మాత్రం ఒక్కడూ పరంజా ఎక్కలేదు.

కోటిలింగం పెద్దమేస్త్రీగా తలపాగా చుట్టించుకుని చేస్తున్న మొదటి పని అది. ఆగిపోతే మఠంవాళ్లు ఇంకొకరిని పిలుచుకుంటారు. అరిచాడు, బతిమాలాడు, పిరికిపందలని తిట్టాడు. వాళ్లు తాపీలు ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా వక్క నమిలారు.

చేసేది లేక, పని నేర్పిన గురువు వీరాచారి దగ్గరికి పరుగెత్తాడు.

"తలపాగా చుట్టించుకున్ననాడు కబురు లేదు. ఇవాళ గుర్తొచ్చానా?" అన్నాడు వీరాచారి. ఆయన ఇలాంటివి మరిచిపోయే మనిషి కాదు.

"తప్పయింది గురువుగారూ. నా మాట ఎవరూ వినడం లేదు. మనుషుల్ని నడిపే ఉపాయం చెప్పండి."

"పరంజా గట్టిగా ఉందా?"

"రాయిలా ఉంది. పోలయ్యకే కాలు ఎక్కడ పెట్టాలో తెలీదు."

"పైన కూర్చుని ముద్ద తిన్నావా?"

కోటిలింగం నేల చూపులు చూశాడు. పరంజా కట్టించిన మేస్త్రీ, ఎవర్నీ ఎక్కించకముందే, తన ఇంటివాళ్లతో పై పలక మీద కూర్చుని ముద్ద తినాలి. వీరాచారి నేర్పిన పద్ధతే అది.

"తొందరలో... పాతకాలం సంగతి కదా అని..."

వీరాచారి చేతికర్ర అందుకున్నాడు. "మధ్యాహ్నం నాకు అక్కడే విస్తరి వెయ్యి. మీ అమ్మను రమ్మను. ఆవిడ చేతి పప్పుచారు తిని ఎన్నాళ్లయిందో."

మధ్యాహ్నం కోటిలింగం తల్లి అచ్చమ్మ పెద్ద గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. చీర కుచ్చెళ్లు దోపుకుని నిచ్చెన మీద చెయ్యి వేసింది.

"ఇక్కడేనా నాయనా ఎక్కేది?"

"ఉండమ్మా!" కోటిలింగం గొంతు కీచుమంది.

గబగబా ఎక్కి మొదటి కట్టు లాగాడు. ఊడి చేతికొచ్చింది. విప్పి మళ్లీ బిగించాడు. పక్కది చూశాడు. ఒక పలకనైతే తొక్కి చూసి కిందికి విసిరేశాడు.

పోలయ్య లేచి కొత్త తాడు పైకి అందించాడు. "ఆ మూల కూడా చూడు మేస్త్రీ! నిన్న నేను దిగింది ఆ దారినే!"

నవ్వుకుంటూ మిగతావాళ్లూ వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. పప్పుచారు చల్లారింది. కింద వీరాచారి ఆకలి మీద కర్రతో నేల పొడుస్తున్నాడు.

చివరికి అందరూ పైన కూర్చున్నారు. అచ్చమ్మ తలా ఒక ముద్ద పెట్టింది.

"పొద్దున రాయిలా ఉందన్నావు" అన్నాడు వీరాచారి, వేళ్లు నాక్కుంటూ. "అమ్మ వచ్చేసరికి మెత్తబడిందా?"

కోటిలింగం పోలయ్య వైపు తిరిగాడు.

"పోలయ్యా, రేపు మీ అమ్మను కూడా భోజనానికి తీసుకురా."

"మా అమ్మా? బాగా లావు మనిషి మేస్త్రీ!"

కోటిలింగం చేతిలో ముద్ద విస్తట్లో పెట్టి లేచాడు. వెళ్లి ఆ మూల కట్టు ఇంకోసారి లాగి చూశాడు.