ఒడిబియ్యం, వెయ్యి చిలకల చీర

ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున, ఒకానొకప్పుడు ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక్కతే కూతురు. ఆ పిల్ల పేరు మాణిక్యవల్లి. ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి ఆమెను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ఏడాది తిరిగేసరికి పెళ్ళాడతానని కబురు కూడా పెట్టాడు.

వాడి ప్రాణం చిలకలో ఉందని అందరికీ తెలుసు. ఏ చిలకో ఎవరికీ తెలియదు. పెద్ద రాజకుమారుడు వెళ్ళి పంజరంలోని చిలకను పట్టాడు. అది ఉత్త చిలక. అతను రాయైపోయాడు. రెండో రాజకుమారుడు వెళ్ళి చెట్టుతొర్రలోని చిలకను పట్టాడు. అదీ ఉత్త చిలకే. అతనూ రాయైపోయాడు.

మూడోవాడు విజయకేతు. తానూ వెళతానన్నాడు. రాజు వద్దన్నాడు, మంత్రి వద్దన్నాడు, సేనాపతి వద్దన్నాడు. రాణి మాత్రం పసుపు కలిపిన బియ్యం మూటకట్టి చేతికిచ్చింది.

"పెళ్ళి జరిగినా ఆగినా సరే, నా కూతురి ఒడి ఖాళీగా ఉండకూడదు. పుట్టింటి బియ్యం పోసి రా" అంది. బియ్యంతో పాటు ఒక మంచి చీర కూడా కొని పట్టుకెళ్ళమంది.

విజయకేతు సాలెవీధికి వెళ్ళి, అన్నిటికంటే ఎక్కువ మెరుస్తున్న చీర తీశాడు. మగ్గం మీదున్న చెంగల్వ అనే అమ్మాయి నవ్వింది.

"ముందువైపు చూసి కొనేవాళ్ళకు మా వీధిలో ఒక పేరుంది దొరా. చెప్పమంటారా?"

"వద్దు. ఎలా చూడాలో చెప్పు."

ఆమె చీరను తిరగేసింది. ప్రతి పువ్వు వెనకా సన్నని దారపు తోకలున్నాయి. "మనిషి చెయ్యి తిరిగిన చోట వెనకాల దారం మిగులుతుంది. ముందు ఎంత నున్నగా ఉన్నా, వెనక దాగదు" అంది.

ఈ మాట నిజం పిల్లలూ. మా మేనత్త కొట్లో చీర విప్పగానే ముందు తిరగేసేది. కొట్టువాడి మొహం కూడా అలాగే తిరగేసి చూసేదని మా మామయ్య అనేవాడు. అది వేరే కథ.

విజయకేతు ఆ వీధిలో మూడు రోజులున్నాడు. మొదటి రోజు దారాలు తెంపాడు. రెండో రోజు తెగినవి అతికాడు. మూడో రోజు జానెడు గుడ్డ నేశాడు, వంకరగా. చెంగల్వ నేసిన చీర తీసుకుని బయల్దేరాడు.

మూడు సముద్రాలు తిమింగలం దాటించింది. ఆకలేస్తోందని, మూటలో బియ్యం పెట్టమంది. "ఇవి మా చెల్లెలివి" అని తన అటుకులు పెట్టాడు. ఇంకో మూడు సముద్రాలు ముసలి తాబేలు దాటించింది. అదీ బియ్యమే అడిగింది. దానికి మిగిలిన అటుకులన్నీ పెట్టాడు. తాబేలు వెళుతూ వెళుతూ, "వాడి చిలక తినదు, పలకదు, ఎగరదు" అని చెప్పింది. ఏడో సముద్రానికి ఎవరూ రాలేదు. మూటను తలకు కట్టుకుని ఈదాడు. చేతులు లేవకపోతే కాళ్ళతో ఈదాడు. అవీ లేవకపోతే అలల మీద తేలాడు కాని వెనక్కి చూడలేదు.

అతను ఒడ్డెక్కేసరికి పెళ్ళిపందిరి వేసి ఉంది. మాణిక్యవల్లి వెయ్యి చిలకల చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. కొంగు వెనకనుంచి తిప్పి, బిగించి, నడుముకు దోపి ఉంది. అలాగే కట్టుకోవాలని మాంత్రికుడి ఆజ్ఞ.

"రా బావమరిదీ. తోటలో రెండు రాళ్ళున్నాయి, మూడోదానికి చోటుంది" అంటూ కత్తి ఎత్తాడు కరాళుడు.

"ఒడిబియ్యం పొయ్యందే పెళ్ళి ఎక్కడన్నా చెల్లుతుందా బావా?"

ఆచారం మాంత్రికుడికైనా ఆచారమే. కత్తి దించి, మూడంటే మూడు దోసిళ్ళు పోసి పొమ్మన్నాడు.

మాణిక్యవల్లి దోపిన కొంగు లాగి, ఒడిగా పట్టింది. ఒడి పడితే గుడ్డ లోపలివైపు పైకి వస్తుందని మాంత్రికుడికేం తెలుసు? వాడి ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టి ఎరగరు.

విజయకేతు మొదటి దోసిలి పోశాడు. చిలకలన్నీ వెనకవైపూ నున్నగా ఉన్నాయి, ఒక్క దారమైనా లేదు. అవి చెయ్యి నేసినవి కావు, మంత్రం పుట్టించినవి. రెండో దోసిలి పోశాడు. అవీ నున్నగానే ఉన్నాయి.

మాణిక్యవల్లి అన్న కళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో చూసింది. "బియ్యం ఒలికిపోతాయన్నా" అంటూ కొంగు ఇంకా వెడల్పుగా లాగింది. అంచు మూల ఒక చిలక కనిపించింది. దాని వెనక మూడు ఆకుపచ్చ దారపు తోకలు ఉన్నాయి. మంత్రంతో చేసినదానిలో ప్రాణం నిలవదు. అందుకే కరాళుడు ఏ బందీ సాలెవాడి చేతనో ఆ ఒక్కటి నేయించి, తొమ్మిదివందల తొంభైతొమ్మిది మాయచిలకల మధ్య దాచాడు.

మూడో దోసిలి పోసి, ముడి వెయ్యడానికన్నట్టు వంగాడు విజయకేతు. సాలెవాళ్ళలాగే దారం తోకను పళ్ళతో పట్టి లాగాడు. చిలక ముక్కు విడిపోయింది, మాంత్రికుడి గొంతు పోయింది. రెక్క విడిపోయింది, చేతులు పోయాయి. తోక విడిపోయేసరికి వాడున్న చోట గుప్పెడు బూడిద మిగిలింది. తోటలో రెండు రాళ్ళు ఒళ్ళు విరుచుకుని లేచాయి.

మాణిక్యవల్లి ఆ చీర విడిచి, చెంగల్వ నేసిన చీర కట్టుకుని, ఒడి నిండా బియ్యంతో పుట్టింటికి వచ్చింది. తరవాత తనకు నచ్చినవాణ్ణే చేసుకుంది.

విజయకేతు చెంగల్వను పెళ్ళాడాడు. పీటల మీద ఆమె అందరి ముందూ అతని ఉత్తరీయం తిరగేసి చూసింది. అది అతను స్వయంగా నేసుకున్నది.

"ముందువైపు ఏమంత బాగాలేదు. వెనకవైపు మాత్రం బాగుంది. దారాలన్నీ గట్టిగా ఉన్నాయి" అంది.

వాళ్ళు ఏలినంత కాలం ఆ రాజ్యంలో ఏ ఆడపిల్ల ఒడీ ఖాళీగా లేదు, ఏ మగ్గమూ ఆగలేదు.