ఆరో వాషరు

రెడ్డెప్ప లారీ పొద్దున్నుంచీ మిస్సింగ్ కొడుతోంది. ఇంటిముందు నిలబడి, దగ్గు పట్టిన మనిషిలా నాలుగు మాటలు సాఫీగా పలికి ఐదోదానికి తడబడుతోంది.

వెనక బాడీ నిండా టమోటా. అది రెడ్డెప్ప అక్క మునెమ్మ పంట. ఒక ఏడు వానకు, మరో ఏడు పురుగుకు పోగొట్టుకున్నాక ఆమె చేతికొచ్చిన మొదటి కాపు. పొద్దుగూకే లోపల బయలుదేరి కొండల్లో ఘాటు రోడ్డు దిగితేనే తెల్లారేసరికి మద్రాసు మార్కెట్టు చేరేది. లేదంటే కాయ మెత్తబడి దారిలోనే పారబోసుకోవాలి. మునెమ్మ అరుగు మీద కూర్చోలేక, ఒకచోట నిలబడలేక, పదేపదే బాక్సులో చెయ్యి దూర్చి కాయ నొక్కి చూస్తోంది. ఏదైనా అని ఉంటే రెడ్డెప్పకు కాస్త నయంగా ఉండేది.

అతను సామాన్యమైన మెకానిక్కు కాదు. పదేళ్లు పీరాన్ ఉస్తాద్ షెడ్డులో పనిచేసి, ఆరేళ్ల కిందట సొంతంగా బోర్డు పెట్టుకున్నాడు. ఎవరి లారీ అయినా రోడ్డు మీద పోతుంటే చెవితోనే రోగం చెప్పేస్తాడు. ఇవాళ సొంత లారీ దగ్గర ఆ చెవి పనిచేయడం లేదు. ఫిల్టరు మార్చాడు. డీజిల్ పైపులో గాలి తీశాడు, మళ్లీ తీశాడు. బంకువాళ్లు డీజిల్లో నీళ్లు కలిపారన్నాడు. ఇంజను పంపు బాగుచేసినవాడికి పనే రాదన్నాడు. మధ్యాహ్నానికి లారీ తయారుచేసినవాళ్లను కూడా వదల్లేదు. తిట్టడానికి ఇంకెవరూ మిగలక, చివరికి నామోషీ దిగమింగుకుని ఉస్తాద్‌కు ఫోన్ చేశాడు.

పీరాన్ ఉస్తాద్ మోపెడ్ మీద వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. షెడ్డు మూసి రెండేళ్లయినా భుజం మీద తుడుపుగుడ్డ మాత్రం ఉంది. రెడ్డెప్ప ఊపిరి తీసుకోకుండా బంకు సంగతీ, ఫిల్టరు సంగతీ, పంపు సంగతీ చెప్పుకుపోయాడు. ఉస్తాద్ అన్నిటికీ తలూపాడు.

"చెంబుతో నీళ్లు తీస్కరా" అన్నాడు.

తాగడానికనుకుని రెడ్డెప్ప కుండలోని చల్లనీళ్లు తెచ్చాడు. ఉస్తాద్ ఇంజను ఆడించమని, నీళ్లలో వేళ్లు ముంచి, పొగ బయటికి పోయే ఆరు గొట్టాల మీదా వరసగా చుక్క చుక్క విదిలించాడు. మొదటిది చుయ్యిమంది. రెండోదాని మీద చుక్క కాసేపు తచ్చాడి ఆరింది. మూడోది చుయ్యిమంది. నాలుగోదాని మీద పడ్డ నీళ్లు పడ్డట్టే ఉండి, కిందికి కారిపోయాయి. ఆ తర్వాతి రెండింటినీ చూసే ఓపిక రెడ్డెప్పకు లేకపోయింది.

నాలుగోదాంట్లో మంట లేదు. రెడ్డెప్ప ముఖం మాడిపోయింది. ఇది ఉస్తాద్ తనకు మొదటి ఏడాదే నేర్పిన పద్ధతి. పది రోజుల కిందటే ఇంజనులోకి డీజిల్ చల్లే ఆరు నాజిళ్లూ తనే ఇప్పి, కింద కొత్త రాగి వాషర్లు వేసి బిగించాడు. తను బిగించినదాన్ని అనుమానించాలని అతనికి తోచనే లేదు.

"అవి నేనే బిగించినా ఉస్తాద్."

"అందుకే ఇప్పు."

ఇప్పాడు. కొత్త వాషరు వచ్చింది. టార్చి వేసి చూస్తే దాని అడుగున పాతది మసిపట్టి అంటుకుపోయి ఉంది. పాతది తియ్యకుండా దాని మీదే కొత్తది వేశాడన్నమాట. నాజిలు ఆ మందాన పైకి కూర్చుని, డీజిల్ చల్లాల్సిన చోట చల్లడం లేదు. తీగ వంచి పాతదాన్ని పెరికి, నాజిలు బిగించి స్టార్ట్ చేశాడు. దగ్గు పోయింది. ఇంజను హాయిగా ఆడింది. రెడ్డెప్పకు ప్రాణం లేచివచ్చింది.

"అక్కా, తాళ్లు సరిగా ఉండాయేమో చూడు, పోతాండా" అని కేకేశాడు.

ఉస్తాద్ కదల్లేదు. అరచెయ్యి చాపాడు.

"పాతవి యాడ?"

పదేళ్లపాటు వినీ వినీ రెడ్డెప్పకు ఒళ్లు మండిన మాట అది. ఉస్తాద్ షెడ్డులో ఇప్పిన పాత సామానంతా గుడ్డ మీద పేర్చి చూపిస్తే గాని కొత్తవి బిగించనిచ్చేవాడు కాదు. సొంత బోర్డు పెట్టిన రోజే రెడ్డెప్ప ఆ గుడ్డకు సెలవిచ్చేశాడు.

"ఇప్పుడవెందుకు ఉస్తాద్? బండి బాగైంది కదా. పొద్దు పోతాంది."

ఉస్తాద్ చెయ్యి దించలేదు.

రెడ్డెప్ప విసుక్కుంటూ లోపలికి పోయి, ఆ రోజు తీసిన వాషర్లు కాగితంలో చుట్టి డబ్బాలో పడేసినవి తెచ్చి ఇచ్చాడు. ఉస్తాద్ భుజం మీది గుడ్డ బంపర్ మీద పరిచి, వాటిని ఒక్కొక్కటే పేర్చాడు. నాలుగున్నాయి. ఇప్పుడు పెరికిన మసి వాషరు వాటి పక్కన పెట్టాడు. దాని పక్కన ఇంకొకటి పట్టేంత చోటు వేలితో సాపు చేసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇంజను ఏ వంకా లేకుండా ఆడుతోంది. మునెమ్మ తాళ్లు లాగి చూసుకుని క్యాబిన్ దగ్గరికి వచ్చింది.

"ఇంక బయలుదేరతావా?" అంది.

రెడ్డెప్ప గుడ్డ మీది ఖాళీ చోటు చూస్తున్నాడు. రెండో గొట్టం మీద తచ్చాడిన చుక్క గుర్తొచ్చింది. ఘాటులో మలుపులు గుర్తొచ్చాయి.

క్యాబిన్‌లోకి ఎక్కి ఇంజను ఆపేశాడు.

"ఇంకో గంట పడుతుందక్కా" అని, స్పానరు తీసుకుని రెండో నాజిలు దగ్గర వంగాడు.

మునెమ్మ అతని చేతుల వంక కాసేపు చూసింది. పొద్దున్నుంచీ మొదటిసారి, పోయి అరుగు మీద కూర్చుంది.