శ్యామాక మహర్షి పలికిన ఒక్క మాట

పూర్వం త్రేతాయుగపు తొలినాళ్లలో, మేఘాలు సైతం ఒక్క క్షణం ఆగి అలుపు తీర్చుకునే నీలధార అనే గిరి మీద, తపోధనుడైన శ్యామాక మహర్షి పన్నెండేళ్లుగా తపస్సు చేస్తూ ఉండేవాడు. ఆ కొండ మీది శబరులు పెట్టే సామల అన్నం, అడవి దుంపలు తప్ప మరొకటి ముట్టని ఆ మహాత్ముణ్ణి, శబరులకు పెద్దదిక్కైన సిరిమి అనే వృద్ధురాలు కన్నకొడుకులా చూసుకునేది. జపంలో పడి ఆకలి మరిచిన రోజున ఆమె ఆకుదొన్నె తెచ్చి ముందుంచి, తినేదాకా కదలక కూర్చునేది. ఇంద్రుడికి సైతం జంకని ఆ ముని ఆమె ఒక్కతెకు మాత్రం భయపడేవాడు.

ఇట్లుండగా ఆ దేశాన్నేలే హేమధ్వజ మహారాజు, శ్రీమహావిష్ణువు గుడికి బంగారు విమానగోపురం ఎత్తించాలని సంకల్పించి, నీలధార గర్భంలో స్వర్ణం ఉన్నదని విని, సపరివారంగా వచ్చి మహర్షి పాదాలకు మొక్కి, కొండ తూర్పువాలు చూపి, ఆ నేల ఎవరిదని వినయంగా అడిగాడు. మూడేళ్లుగా అక్కడ ఒక్క విత్తూ పడకపోవడం, పొదలు దట్టంగా కమ్ముకోవడం చూసి ఉన్న ముని, "ఎవరిదీ కాదు రాజా, ఊరకే పడి ఉన్నది" అని పలికి, మళ్లీ కన్నులు మూసుకుని సమాధిలో మునిగిపోయాడు.

సత్యవచనుడని పేరొందిన ముని మాట కావడంతో రాజు మరెవరినీ అడగలేదు. రాజభటులు ఇప్పచెట్లను, మద్దిచెట్లను నేలకూల్చి, వాలును నిలువునా తవ్వి, మట్టిని లోయలోకి దొర్లించగా, కొండ ఊటలు మొదట ఎర్రబారి, పిమ్మట పూర్తిగా ఇంకిపోయాయి.

నలభై దినాలకు కన్ను తెరిచిన మహర్షి దాహం అడిగాడు. ఎప్పటిలాగే ఎదురుగా దొన్నెతో కూర్చుని ఉన్న సిరిమి, ఊట ఎండిపోయిందని చెప్పి, జరిగినదంతా వివరించింది.

"సామీ, ఆ వాలు మాదే. మూడేళ్లు పండిస్తాం, పదేళ్లు పడుకోబెడతాం. పడుకున్న బిడ్డని చూసి తల్లి లేదనేసినావు."

ముని, ఇంత చేసిన తనకు అన్నం ఎందుకు తెచ్చావని అడిగాడు.

"తెలీక అన్నావు. తెలీనోడికి ఆకలెయ్యదా ఏటి?"

ఆ మాటకు మహర్షి కన్నులు చెమర్చాయి. ఆ ముద్ద తిని లేచి, గోతి దగ్గరకు వెళ్లి, తన పలుకు అసత్యమని రాజు ముందు చేతులు జోడించి ఒప్పుకున్నాడు. రాజు నొచ్చుకున్నాడు గానీ, విమానం సగానికి లేచిందనీ, దైవకార్యం నడుమ ఆపితే అపచారమనీ అన్నాడు. అప్పుడు శ్యామాకుడు, ధార పోయడానికి నీరైనా లేని ఆ చోట పిడికెడు మన్ను చేతబట్టి, పన్నెండేళ్ల తపఃఫలాన్నంతటినీ ఆ నేల గాయానికే సమర్పిస్తూ గోతిలో విడిచాడు.

తక్షణమే భూదేవి, జడనిండా ఎర్రటి ధూళితో, చీలిన భుజంతో ప్రత్యక్షమై రాజును చూసి, "నాయనా, నా మేను కోసి తెచ్చిన నగను నా స్వామికి తొడుగుతావా? ఆయన ధరిస్తాడా?" అని మృదువుగా అడిగింది. హేమధ్వజుడు కిరీటం తీసి ఆమె పాదాల చెంత పెట్టి విలపించాడు. దేవి మహర్షిని వరం కోరుకోమనగా, ఆ వరం సిరిమిదని ఆయన తప్పుకున్నాడు.

సిరిమి కొంగు సర్దుకుని, "ఊటలు మళ్లీ రానీ తల్లీ. ఇకమీద మా నేల సంగతి మమ్మల్నే అడగమను" అన్నది.

భూదేవి తథాస్తు అని ఆ వృద్ధురాలి చెక్కిలి నిమిరి అంతర్ధానమైంది. ఊటలు గలగల పారాయి. రాజు తవ్విన స్వర్ణాన్ని గోతుల్లోనే వదిలి, తానే గంప మోసి వాటిని పూడ్చి, నీలధారపై శబరుల మాటే శాసనమని చాటించాడు. విష్ణుదేవుడు రాతి గోపురం కిందనే ప్రసన్నుడై వెలిశాడు.

తపస్సు ధారపోసి కాంతి తరిగిన ముని, సిగ్గుతో హిమాలయాలకు బయలుదేరబోగా, సిరిమి దారికి అడ్డం నిలిచి, ఆయన ఉత్తరీయంలో దోసెడు విత్తనాలు పోసి, విత్తే వరుసలో నిలబెట్టింది. విత్తడంలో చెయ్యి తిరగని ఆయన చల్లిన చోటల్లా మొక్కలు గుంపులు గుంపులుగా మొలిచాయనీ, శబర స్త్రీలు వాటిని చూసి నవ్వుకుంటూనే ఒక్కటీ పీకక కాపాడారనీ పెద్దలు చెబుతారు. ఈ కథ విన్నవారి కొండల్లో ఊటలు ఎండకుండు గాక.