ఎర్ర అంకె

కమలాకర్ కోపంగా ప్రయోగశాలలోకి వచ్చాడు. బొగ్గు గనుల రక్షక దళానికి శిక్షణ ఇవ్వడానికి తయారవుతున్న వీఆర్ హెడ్‌సెట్‌ను ఆ ఉదయమే కొందరు కార్మికులు పెట్టుకుని చూశారు. కళ్లముందు పొగ నిండిన గని, చేతిలో కర్ర, దాని చివర విషవాయువును కొలిచే మీటరు. అంకె కనపడట్లేదని అందరూ ఒకే మాట అన్నారు.

"చూడడం చేతకాక వంకలు పెడుతున్నారు సార్," అని ఇలియాస్ గారికి ఫిర్యాదు చేశాడు.

ఇలియాస్ గారు హెడ్‌సెట్ల అద్దాలతో, తెరలతో జుట్టు నెరిసిన మనిషి. కమలాకర్‌కు పని నేర్పింది ఆయనే. నేర్పడమంటే చాలావరకు మాట్లాడకుండా ఊరుకోవడమే.

ఆ హెడ్‌సెట్‌లోని తెరను ఎంచుకున్నది కమలాకరే. మిగతావాటికంటే దానిలో పిక్సెళ్లు ఎక్కువ. ఆ సంగతి కనపడిన ప్రతివాడికీ చెప్పాడు, లిఫ్టులో ఎదురైనవాళ్లను కూడా వదల్లేదు. సాయంత్రానికి ఆ తెరకు ఆర్డరు ఖాయమైతే, వచ్చే నెల నుంచి రక్షక దళమంతా దానిమీదే పని నేర్చుకుంటుంది.

ఇలియాస్ గారు వాదించలేదు. "నువ్వు ముందు నడు. నేను నీ వెనక వస్తాను," అని హెడ్‌సెట్‌ను అతని తలకు బిగించారు.

రక్షక దళానికి ఒక కట్టడి ఉంది. ముందు నడిచేవాడు మీటరు చదివి సరేనన్నాకే వెనకవాళ్లు మాస్కు తీయాలి. అంకె ఐదు దాటినప్పుడు తీసినవాడు మళ్లీ లేవడు.

చీకట్లో కమలాకర్ కర్రను సొరంగంలోకి చాపాడు. దాని చివర, అసలు మీటర్లో ఉన్నట్టే, సన్నని ఎర్ర అంకె వెలిగింది. బల్లమీద పెట్టి పరీక్షించినప్పుడు ఆ తెరను దూరం నుంచే చూశాడు. ఇప్పుడది కంటి ముందే, భూతద్దం వెనక ఉంది. దోమల జాలీలోంచి చూస్తున్నట్టు చుక్కకూ చుక్కకూ మధ్య నల్లని సందులు. ఆ తెరలో ఆకుపచ్చ దీపం ప్రతి పిక్సెల్‌కూ ఉంది, ఎరుపు మాత్రం రెండు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే. ఎరుపొక్కటే వెలగాల్సిన చోట గీత ముక్కలైపోయింది. అది మూడో ఎనిమిదో తెలియడం లేదు.

"అన్నా, మాస్కు తియ్యాల్నా?" వెనకనుంచి ఎవరో అడిగారు.

రబ్బరు మాస్కులోంచి వస్తున్న బరువైన గొంతు. అది ఇలియాస్ గారిదని తెలిసినా కమలాకర్‌కు ఒళ్లు జలదరించింది. కళ్లు చికిలించాడు. అంకె ఇంకా చెదిరింది.

"ఊపిరి ఆడ్తలేదన్నా. చెప్పు, తియ్యాల్నా?"

మూడే అయి ఉంటుందనుకున్నాడు. తీయమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఎనిమిదైతే అన్న భయం పట్టుకుంది. ఇది బొమ్మ గని, వెనక ఉన్నది సార్ అని ఎంత చెప్పుకున్నా ఆ భయం తగ్గలేదు. ఈ తెరమీద అంకెను ఊహించడం అలవాటైనవాడు నిజం గనిలోనూ ఊహించే చెబుతాడు. అప్పుడు వెనక ఉండేది ఇలియాస్ గారు కాదు.

వెనక ఊపిరి గురకలా వినిపిస్తూనే ఉంది.

"తీయొద్దు," అన్నాడు. "నాకు కనపడట్లేదు."

హెడ్‌సెట్ ఊడదీసేసరికి అతని ముఖమంతా చెమట. ఇలియాస్ గారు మాస్కుతోనే నిలబడి ఉన్నారు. నెమ్మదిగా దాన్ని తీసి బల్లమీద పెట్టారు.

"ఇప్పుడైతే నీ వెనక నిజం గనిలోకైనా దిగుతాను," అన్నారు.