పండుగప్పకు తగిన కత్తి

జిలానీకి ఆ వారమంతా ఒకటే దిగులు. కారణం వింటే నవ్వుతారు. చేప కోసే కత్తి!

ఉప్పాడ దగ్గర సరుగుడు తోటల్లో మదార్ షా అనే సూఫీ గురువు ఉండేవాడు. ఆయన శిష్యుల్లో వంటిల్లు చూసుకునేవాడు ఈ జిలానీ. ఒట్టి వంటవాడనుకునేరు, అతని చేతి వంటకి చుట్టుపక్కల పెద్ద పేరు. ఆ పేరు సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ప్రతి గురువారం కొర్లమ్మ అనే ముసలావిడ వచ్చి గురువుగారి దగ్గర కాసేపు కూచుని పోయేది. వయసులో ఉండగా నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి. ఇప్పుడు నోట్లో ఒక్క పన్ను లేదు. దానికి తోడు ఎప్పుడో గొంతులో ముల్లు గుచ్చుకుని చావు తప్పి బయటపడింది. ఆనాటి నుంచి చేప ముట్టలేదు.

"ఊరందరికీ చేప తినిపించేను బాబూ, నా నోటికే లేకుండా పోయింది," అందొకనాడు. "ఒక్కసారి, బెదురు లేకుండా, కడుపు నిండా తినాలనుంది."

జిలానీ ఊరుకుంటాడా! "అదెంత పని మామ్మా? వచ్చే గురువారం రా. పండుగప్పని తల నుంచి తోక దాకా ఒక్క ముల్లు లేకుండా ఒలిచి పెడతాను. దీపం పెట్టి వెతికినా దొరకదు," అన్నాడు.

"నిజంగానా నాయనా?" ముసలమ్మ మొహం వెలిగిపోయింది.

మదార్ షా గడ్డం సవరించుకున్నాడు. 

మాటైతే ఇచ్చేశాడు గానీ, ఆ వైపు చేపని కత్తిపీట మీద అడ్డంగా ముక్కలు కొట్టడమే అందరికీ అలవాటు. ముల్లు పక్క నుంచి కండని నిలువునా విడదీయడం జిలానీ ఎన్నడూ చేసిన పాపాన పోలేదు. దానికి వేరే కత్తి ఉండాలని మాత్రం విన్నాడు. ఇంకేం, సంతకి పరిగెత్తాడు.

కత్తుల కొట్టు ముందు పొద్దంతా కూచున్నాడు. గోటి మీద ఆనించి చూశాడు. ముంజేతి మీద వెంట్రుకలు గీకి చూశాడు. కాయితం కోసి చూశాడు. చివరికి కొట్టువాడికి విసుగొచ్చి మూడు కత్తులు చేతిలో పెట్టి, "బాబ్బాబు, ఇంటికి పట్టుకెళ్ళండి. నచ్చింది ఉంచుకుని తక్కినవి తెచ్చియ్యండి. నన్నొదిలెయ్యండి," అని దణ్ణం పెట్టాడు.

తోటకి తిరిగొచ్చి, గురువుగారి ముందు గోనె పరిచి మూడూ దాని మీద పెట్టాడు. ఒకటి బరువైనది, వీపు మందం, బొమికల్ని కూడా నరికేస్తుంది. రెండోది తళతళలాడే విదేశీ సరుకు, పిడి నిండా నున్నటి పూల పని. మూడోది మునగకాడలా సన్నగా, పొడుగ్గా ఉంది. మొన మీద వేలు పెట్టి నొక్కితే వంగింది.

"ఇది చూశారా హజ్రత్! వంగుతోంది," అని జిలానీ పగలబడి నవ్వాడు. "వంగేది కూడా కత్తేనా?" దాన్ని గోనె మీద ఓ మూలకి తోసేశాడు.

"మరి నీకేది నచ్చింది?" అని అడిగాడు మదార్ షా.

"బరువైనదే. దీని ముందు ఏ ముల్లు నిలుస్తుంది చెప్పండి?"

"నిలవదు," అన్నాడు గురువు.

గురువారం వచ్చింది. జిలానీ రేవుకెళ్ళి, అందరికీ సరిపడా గంపెడు పండుగప్పలు తెచ్చాడు. కొర్లమ్మ ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందొచ్చి కూచుంది.

వంటింట్లో కత్తి జోరుగా దిగింది. కండ అడ్డొస్తే కండ తెగింది, ముల్లు అడ్డొస్తే ముల్లు తెగింది. జిలానీకి హుషారెక్కిపోయింది. ముక్కల్ని పల్చటి చింతపులుసులో మెత్తగా ఉడికించి, పైన కొత్తిమీర జల్లి, పెళ్ళికొడుకులా నడుస్తూ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

కొర్లమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండో ముద్ద దగ్గర ఆగిపోయింది. నోట్లోకి వేలు పోనిచ్చి, చిగుళ్ళ మధ్య నుంచి ఏదో తీసి పళ్ళెం అంచున పెట్టింది. వడ్లగింజంత ముల్లు ముక్క.

"నా రాతలో చేప లేదులే బాబూ, నువ్వేం చేస్తావు," అంది. పళ్ళెం మెల్లగా పక్కకి జరిపింది.

ఆవిడ నాలుగు తిట్టినా బావుండేది. జిలానీకి తల కొట్టేసినట్టయింది.

"కత్తి మోసం చేసింది హజ్రత్! రేపే కాకినాడ పోతాను. అక్కడ ఇంకా మంచి ఉక్కు దొరుకుతుంది. ఈసారి చూడండి..."

మదార్ షా లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఒక చిన్న పండుగప్పని కొయ్యకుండా, అలాగే నిండుగా ఆవిరి మీద ఉడికించి, విస్తట్లో పెట్టి తెచ్చాడు. ముసలమ్మకీ జిలానీకీ మధ్య పెట్టాడు. తర్వాత జిలానీ భుజం మీది తువ్వాలు లాగి, దాంతో అతని కళ్ళకి గంతలు కట్టాడు.

"ఇదేమిటి హజ్రత్?"

"కొర్లమ్మక్కకి ఆకలిగా ఉంది. తినిపించు."

జిలానీ చెయ్యి చాపి తడిమాడు.

"అది నా మోకాలు నాయనా," అంది కొర్లమ్మ.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అంత బాధలోనూ ముసలమ్మకి నవ్వాగలేదు. జిలానీ చెవులు ఎర్రబడ్డాయి. ఎలాగో చేప దొరికించుకున్నాడు.

వేళ్ళు వెన్నుముల్లు మీద పడ్డాయి. దాన్ని పట్టుకుని మెల్లగా నడిచాయి. పైన ముళ్ళు తిన్నగా ఉన్నాయి. పొట్ట దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కటే పక్కకి వంగి గంప అల్లికలా ఉన్నాయి. గట్టిగా నొక్కితే ముల్లు విరిగి కండలో కలిసిపోతోంది. వేలిని వదులుగా ఉంచి, ముల్లు ఎటు వంగితే అటు పోనిస్తే, కండ దానంతటదే లేచి వస్తోంది. తల వైపు, కండ లోపల, సన్నటి ముళ్ళ వరస ఇంకోటి ఉంది. చేపలు వండీ వండీ చేతులు కాల్చుకున్నవాడికి, అది అక్కడుందని ఇంతవరకూ తెలియనే తెలియదు.

ఒక్కో ముద్దని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, అప్పుడందించాడు. కొర్లమ్మ భయం భయంగా నోరు తెరిచింది. అది మింగాక ఇంకోటి. అతని చెయ్యి కాస్త ఆలస్యమైతే మణికట్టు పట్టుకుని లాక్కుంది.

"ఈ చిన్నది ఏ మూలకి బాబూ?" అంది చివరికి, ఖాళీ విస్తరి తడుముతూ.

జిలానీ లేచాడు. గంతలు విప్పలేదు. అలాగే తడుముకుంటూ గోనె దగ్గరికి వెళ్ళి కూచున్నాడు. బరువు కత్తిని ఎత్తి, కింద పెట్టేశాడు. పూల పిడి కత్తి అతని తడి చేతిలోంచి జారింది. మూడోది దొరికింది. దాని అలుగుని ఎడమ అరచేతి గుంటలో ఆనించి నొక్కాడు. గుంట ఎలా ఉంటే అలా వంగింది, వదలగానే తిన్నగా అయింది. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గంతలు విప్పి గురువు వైపు చూశాడు.

"ఇదేనని మీకు ముందే తెలుసు కదా హజ్రత్. ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదా!"

"చెప్తే నీకు కత్తి దొరికేది," అన్నాడు మదార్ షా. "ముల్లు దొరికేది కాదు."

జిలానీ గంపలోంచి పెద్ద పండుగప్పని తీశాడు. తల వెనక కత్తి దింపి, అలుగుని పడుకోబెట్టి, వెన్ను వెంట పోనిచ్చాడు. కత్తి కింద ముళ్ళు టిక్ టిక్ మంటూ ఒక్కొక్కటే పలికాయి. పొట్ట దగ్గర అలుగు వంగింది, చెయ్యి కూడా వంగింది. చేప సగం, దుప్పటి మడతలా, చెక్కు చెదరకుండా పక్కకొచ్చింది. తల వైపు ఉన్న సన్న ముళ్ళని వేలితో వెతికి, గోటితో లాగేశాడు.

పులుసు మరిగింది. పళ్ళెం మళ్ళీ కొర్లమ్మ ముందుకొచ్చింది. ఈసారి జిలానీ పెళ్ళికొడుకులా నడవలేదు. ఊపిరి బిగబట్టి స్తంభం పక్కన నుంచున్నాడు.

కొర్లమ్మ తినడం మొదలెట్టింది. జిలానీకి ఆత్రం ఆగలేదు. "మామ్మా, ముల్లేమన్నా..." అంటూ ముందుకి అడుగేశాడు.

మదార్ షా అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అడక్కు. విను."

చేప తింటూ మాట్లాడకూడదు, ముల్లు గొంతులో పడుతుంది అని అక్కడ ప్రతి ఇంట్లో పిల్లల్ని అదిలించి పెంచుతారు. అలాంటిది కొర్లమ్మ నోటి నిండా చేప పెట్టుకుని, చేతులు తిప్పుతూ, ఒకప్పుడు పిఠాపురం వీధిలో ఎవరో గయ్యాళి ఇల్లాలు బేరమాడి బేరమాడి చివరికి గంపంతా తనచేత ఎలా దింపించిందో చెప్పుకుపోతోంది. నవ్వుతోంది, మింగుతోంది, మళ్ళీ అందుకుంటోంది.

జిలానీ మట్టి నేల మీద చతికిలబడి, ఆ కథంతా విన్నాడు.