పద్నాలుగో నంబరు బావి

పురుషోత్తం సారుకు ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకోమంటారు. ముప్పై ఏళ్ళు విశ్వవిద్యాలయంలో నీటి శాస్త్రం బోధించి, రిటైరై పదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు పాఠాలు మరిచిపోయి ఉండొచ్చు గాని, ఏ ప్రశ్నకు ఎంత దూరం నడవాల్సి వచ్చిందో ఒక్కరూ మరవలేదు.

ఆ రోజు ప్రశ్న తెచ్చింది ఆయన పాత విద్యార్థిని హైమవతి. అయిదేళ్ళ పరిశోధన ముగించి, థీసిస్ బైండింగుకిచ్చి నేరుగా వచ్చింది. మందుల ఫ్యాక్టరీల వరసకు దిగువనున్న బావుల్లో ఆర్సెనిక్ అనే విషం ఎంతుందో తేల్చిన పని అది. సెమినార్లో అందరూ మెచ్చుకున్నారు. వెనక బెంచీలోంచి ఎవరో ఒకాయన మాత్రం లేచి, ఆ నీళ్ళు తాగేవాళ్ళకు ఈ సంగతి తెలుసా అని అడిగి, జవాబు కోసం చూడకుండానే కూర్చున్నాడట. రెండు వారాలుగా ఆ మాట ఆమెను తినేస్తోంది. ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక? అయిదేళ్ళు బావులతోనే కాపురం చేసిన మనిషికి స్నేహితులు మాత్రం ఎక్కడ మిగులుతారు?

"పరిశోధకుల పని ఎక్కడ ముగుస్తుంది సార్? కొలవడం వరకేనా?" అని అడిగింది.

సారు కళ్ళజోడు తుడుచుకుని, నువ్వు కొలిచిన వాటిలో అన్నిటికంటే చెడ్డ బావి ఏదన్నారు. పద్నాలుగో నంబరు, అంది. ఏ ఊరు అంటే ఒక్క నిమిషం తడుముకుంది. థీసిస్‌లో ఊళ్ళ పేర్లుండవు. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని నంబర్లు వేస్తారు. రాసి రాసి, అసలు పేరు ఆమెకే నోటికి రాకుండా పోయింది. సారు చెప్పులేసుకోమన్నారు.

రెండు బస్సులు మారి, ఎండలో ఒక మైలు నడిచి చేరుకున్నారు. దాన్ని ఊరనడానికి లేదు, ఊరి అవతలి వాడ. ఫ్యాక్టరీల మురుగు కాలువను మొదట పెద్ద ఊరి పక్కనుంచే తవ్వబోయారు. ఊరి పెద్దలు అడ్డం పడుకుంటే వాడ వైపు తిప్పారు. అడ్డం పడుకున్నా లెక్కచేసేవాళ్ళు లేని వాడ అది. ఈ సంగతి హైమకు తెలుసు గాని థీసిస్‌లో రాయలేదు, రసాయన శాస్త్రంలో దానికి చోటు లేదు. నలభై ఇళ్ళలో ఇప్పుడు పదకొండింట్లోనే మనుషులున్నారు. ఆ వేళకు వాళ్ళలో కూడా ముసలివాళ్ళు తప్ప అందరూ కూలికి పోయారు.

బావి గోడ మీద ఆకుపచ్చ రంగుతో పద్నాలుగు అని పెద్ద అంకె, దాని చుట్టూ గుండ్రటి గీత. మొదటి ఏడాది హైమ తన చేత్తో వేసినదే. మళ్ళీ వచ్చినప్పుడు అదే బావి నుంచి నీళ్ళు పట్టాలి గదా, గుర్తు కోసం వేసింది. ల్యాబు కిటికీలకు వేయగా డబ్బాలో మిగిలిన రంగు ఆకుపచ్చ. అంతకు మించి ఆలోచించలేదు.

బావి పక్క ఇంట్లో లసుమవ్వ ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాడు, కూతుళ్ళు దూరాభారం. ఏడాదికి రెండుసార్లు సీసాలతో వచ్చే జీపు తప్ప ఆ గుమ్మంలోకి వచ్చే చుట్టం లేదు. హైమను చూసి ఆమె ముఖం చేటంతయింది. నులక మంచం వాల్చి, కొంగుతో దులిపింది.

"పదిసార్లొచ్చినవ్ బిడ్డా, కూసున్నది మాత్రం ఇయ్యాల్నే," అంది.

సారు మంచి చెడ్డలు అడుగుతూ, తాగే నీళ్ళెక్కడివని అడిగారు. లసుమవ్వ తీరిగ్గా చెప్పుకొచ్చింది. వెనుకటికి వాగులో చెలిమె తోడుకునేవాళ్ళట. ఇసుకలో గుంట చేసి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, చిప్పతో బిందె నింపుకోవడం. ఆడవాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళు, కష్టం సుఖం అక్కడే చెప్పుకునేవాళ్ళు. బావి నీళ్ళు వాసనేస్తాయని గొడ్లకే వాడేవాళ్ళు. నంబరు పడ్డాక అంత దూరం పోవడం మానేశారు. చెలిమె పూడిపోయింది, ఆ ముచ్చట్లూ పోయాయి.

"చుట్టుపక్కల ఎన్ని బాయిలు లెవ్వు సారూ? మా బాయికే పచ్చరంగు నంబరేసిన్రంటే మంచియనే గదా! చెడ్డయే అయితే, గిన్నిసార్లొచ్చిన పిల్ల ఒక్కపారన్న చెప్పకపోవునా అనుకున్నం."

హైమకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ చెలిమె నీళ్ళు కూడా మొదటి ఏడాది పరీక్షించింది. తేటగా, ఏ దోషమూ లేకుండా తేలాయి. తేలాయి గనకే వాటిని జాబితా నుంచి తీసేసింది. మంచి నీళ్ళతో పరిశోధనకు పనేముంది? అందుకని చెలిమెకు నంబరు లేదు, రంగూ లేదు. ఆ పెద్దామె ముందు కూర్చుని పడినంత సిగ్గు హైమ తన బతుకులో ఎన్నడూ పడలేదు.

మాటల్లోనే లసుమవ్వ లోపలికి పోయి చెంబెడు నీళ్ళు తెచ్చి సారు చేతికిచ్చింది. ఆయన రెండు చేతులా అందుకుని పైకెత్తారు. కావాలని ఎత్తారో, పెద్దామె మనసు కష్టపెట్టలేక ఎత్తారో ఆయనకే తెలియాలి. హైమ గభాలున లేచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"తాగకండి సార్, అది విషం!"

నీళ్ళు ఆయన చొక్కా మీద ఒలికాయి. లసుమవ్వ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. తన అరచేతులు తిప్పి చూసుకుంది. వాటినిండా కాయలు కాచినట్టు గట్టి నల్లమచ్చలు. కూలి పని వల్ల వచ్చాయనుకుని ఇన్నాళ్ళూ వాటి ఊసే ఎత్తలేదు.

"ఎప్పటిసంది ఎరుక బిడ్డా?" అంది.

మొదటి ఏడాది నుంచి అని హైమ చెప్పింది. పెద్దామె తిట్టలేదు. తిట్టి ఉంటే హైమకు కాస్త నయంగా ఉండేది. మరి బర్రెకు తాపొచ్చా అని మాత్రం అడిగింది. హైమకు తెలియదు. అయిదేళ్ళ పరిశోధనలో ఆ ప్రశ్నే లేదు. లసుమవ్వ చూరులోంచి చిప్ప తీసుకుని, బిందె చంకనెత్తుకుని, వాగు దారి పట్టింది. ఒకప్పుడు పదిమందితో పోయిన దారిలో ఒక్కతే పోయింది.

హైమ కళ్ళు తుడుచుకుని, ఇక ఆలస్యం చేయనంది. రేపే గైడుతో మాట్లాడుతుంది. వైవా కాకముందు ఫలితాలు బయటపెట్టకూడదని నియమం ఉంది గనక డిపార్ట్‌మెంటుకు అర్జీ పెట్టుకుంటుంది. అనుమతి రాగానే తెలుగులో నివేదిక రాసి అధికారులకిస్తుంది, వాళ్ళే వాడవాళ్ళకు చెబుతారు. నెల, మహా అయితే రెండు నెలలు. అన్నీ సక్రమమైన మాటలే. ఆమె ఇంకా చెబుతుండగానే కూలి నుంచి వచ్చిన ఒకామె చంటిపిల్లను గట్టున దింపి, బావిలోకి బొక్కెన వదిలింది. గిలక కిర్రుమంది.

పురుషోత్తం సారు చేతిలోని చెంబును నేల మీద పెట్టారు.

"ఇందాక నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఎవరి అనుమతి తీసుకున్నావమ్మా?" అన్నారు.