గూడబాతు వీపు మీద సీటు

అనగనగా ఒక అడవి. అడవి నడుమ ఒక ఏరు. మామూలు రోజుల్లో పిల్ల ఎలుక కూడా రాళ్ళ మీద గెంతుకుంటూ దాటేసేది. వానలు పడ్డాయంటే మాత్రం అది ఏరులా ఉండదు, సముద్రమే. అప్పుడు అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే గూడబాతులే దిక్కు.

గూడబాతు తెలుసుగా? ముక్కు కింద ఇంత సంచి వేలాడుతుంటుంది, చేపలు పట్టుకోడానికి. ఆ గూడబాతులు చిన్న జంతువులను ఎక్కించుకుని ఏరు దాటించేవి. వాటి దగ్గర రెండు రకాల సీట్లు. వీపు మీదైతే పొడిగా, మెత్తగా కూర్చుని పోవచ్చు. దానికి గూడు కట్టుకునే పుల్లలు రెండు మోపులు ఇవ్వాలి. సంచిలోకైతే ఒక మోపు చాలు. కానీ సంచిలో ఎప్పుడూ నీళ్ళు, చేపల కంపు. ఎవరి వీలు వాళ్ళది.

ఆ అడవిలో నూకాలు అనే ఉడత ఉండేది. దాని పిల్లవాడు సింగడికి నెమ్ము చేసింది. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగురుతున్నాయి. పాలు కూడా ముట్టడం లేదు. వైద్యుడు కొండముచ్చు ఉండేది అవతలి ఒడ్డున. పిల్లవాణ్ణి వెంటనే తీసుకురమ్మనీ, దారిలో తడవనిస్తే మాత్రం తన చేతుల్లో ఏమీ ఉండదనీ కబురు పంపాడు. నూకాలు ఏం చేసిందనుకున్నారు? పళ్ళు నొప్పెట్టేదాకా పుల్లలు కొరికి, రెండు మోపులు కట్టి ముందురోజే ఇచ్చేసింది. పొద్దున్నే వెళ్ళే పెద్ద గూడబాతు వీపు మీద చోటు ఖాయం చేసుకుంది.

తెల్లవారగానే పిల్లవాణ్ణి ఎత్తుకుని రేవుకు వెళ్ళింది. అక్కడ అందరినీ ఎక్కించే పని పార్వతాలు అనే గోరువంకది. పొద్దుటి ప్రయాణం లేదు, మధ్యాహ్నం ఉంటుందని అది చావు కబురు చల్లగా చెప్పింది. నూకాలు ప్రాణం ఉసూరుమంది. సరే, ఒక్క పూటే కదా అని ఒక బండ పక్కన కూర్చుని, పిల్లవాణ్ణి తోకతో కప్పుకుంది.

మధ్యాహ్నం అయింది. పెద్ద గూడబాతు రాలేదు. దాని బదులు బక్కచిక్కిన కుర్ర గూడబాతు ఒకటి వచ్చి వాలింది. దాని వీపు మీద ఒక్కరికే చోటు. ఆ చోటు కాస్తా రోజూ వచ్చిపోయే పునుగుపిల్లికి ఇచ్చేశారు. మిగిలింది నూకాలు, వీర్రాజు అనే ఎలుక. పాపం వీర్రాజూ రెండు మోపులు ఇచ్చినవాడే.

అప్పుడు పార్వతాలు ఆకులో రెండు ఎర్రటి రేగుపళ్ళు పెట్టుకుని, నవ్వు మొహంతో వచ్చింది.

"మీకు సంచిలో చోటు ఇస్తున్నాం. ఏమీ అనుకోకుండా తలో పండు తినండి," అంది.

ఆ రేవులో ఒక పద్ధతుంది, వినండి. పండు తిన్నారంటే ఒప్పుకున్నట్టే. తిన్నాక ఇంకేం అడిగినా చెల్లదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా తింటారు. పొద్దుటి నుంచి ఆకలితో కూర్చున్నవాళ్ళ ముందు పండు పెడితే ఎందుకు తినరు? వీర్రాజు ఒక్క గుటకలో మింగేసి, "పోనిద్దూ అక్కా, వీళ్ళతో మనకెందుకు గొడవ," అంటూ సంచిలోకి దూకాడు. ఇలాంటి వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడు నోరిచ్చాడు కదా, ఒక్క మాట అడిగితే ఏం పోయింది?

నూకాలు పండు ముట్టుకోలేదు. పార్వతాలు సంగతి దానికి బాగా తెలుసు. అది అబద్ధం చెప్పదు. కానీ అడగనిది చచ్చినా చెప్పదు.

"పండు వద్దమ్మా. పండు కాకుండా ఇంకేముంది?" అని అడిగింది నూకాలు.

పార్వతాలు ముక్కు గోక్కుంది. సంచిలో వెళ్తే ఒక మోపు వెనక్కి ఇస్తామంది. ఆ మాట వినగానే వీర్రాజు సంచిలోంచి తల బయటపెట్టి, మరి తన మోపో అన్నాడు. పండు తిన్నావు కదా అని పార్వతాలు వాడి తల లోపలికి నొక్కేసింది.

"సంచిలో నా పిల్లవాడు తడుస్తాడు. ఇంకేముంది?"

అసలు ప్రయాణమే మానుకుంటే రెండు మోపులూ ఇచ్చేస్తామంది పార్వతాలు. ఇది వెళ్ళిపోతే ఇవాళ్టికి ఇంక తమ బాతులు లేవు, చూసుకోమంది.

ఆకాశం మబ్బు పట్టింది. కుర్ర గూడబాతు రెక్కలు విదిలించింది. నూకాలుకు భయం వేసింది. పిల్లవాణ్ణి నెత్తిన పెట్టుకుని ఎలాగో సంచిలో నిలబడితేనో? ఒక అడుగు ముందుకు వేసింది కూడా. సంచిలోకి తొంగి చూసింది. వీర్రాజు గడ్డం దాకా నీళ్ళలో ఉన్నాడు. నూకాలు వెనక్కి వచ్చి, బండ మీద గట్టిగా కూర్చుంది. గూడబాతు ఎగిరిపోయింది. వచ్చిన బాతును వదులుకుందని, మొండిఘటం అని ఒడ్డున ఉన్నవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ.

సింగడు సన్నగా మూలిగాడు. నూకాలు లేచి వెళ్ళి పార్వతాలు ఎదురుగా నిలబడింది.

"మానుకుంటే నా పిల్లవాడు బతకడు. వెళ్తే తడుస్తాడు. ఆ రెండూ నాకు కుదరవు. ఇంకేముందో చెప్పు. చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

పార్వతాలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"పై రేవులో కొంగలున్నాయి. వాటి వీపు మీద మిమ్మల్ని పంపించాలి. వాటికి ఇవ్వాల్సిన పుల్లలు మేమే ఇవ్వాలి. మాట తప్పింది మేము కదా."

"ఈ మాట పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా."

నూకాలుకు కోపం నషాళానికి అంటింది. అయినా అరవలేదు. అరిస్తే పిల్లవాడు ఉలిక్కిపడతాడు.

"వీడి డొక్కలు ఎగరడం నీ కళ్ళతో చూస్తూ, అడిగేదాకా ఆగావన్నమాట. సరే, పద. నువ్వే వచ్చి కొంగతో చెప్పు. నేను వెళ్ళి చెప్తే మళ్ళీ ఇంకో పండు పెడతారు."

పార్వతాలు ముందు నడిచింది. కొంగతో మాట్లాడి, పుల్లలు అప్పజెప్పి, నూకాలును దగ్గరుండి ఎక్కించింది. కొంగ రెండు రెక్కలూ చాచి ఏరు దాటింది. అవతల వైద్యుడి గుహలో అడుగు పెట్టాకే వాన మొదలైంది.

కొండముచ్చు సింగడి ఒళ్ళంతా తడిమి చూశాడు. ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. ఆకు పసరు పిండి నాలుక మీద వేశాడు.

"పొడిగా తెచ్చావు కాబట్టి మందు పనిచేస్తుంది. తడిపి తెచ్చుంటే నేను చేసేదేమీ లేదు," అన్నాడు.

సాయంత్రానికి డొక్కలు ఎగరడం తగ్గింది. సింగడు కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలేస్తోంది," అన్నాడు.

పొద్దుటి నుంచి రేవులో అంతమంది మాటలు పడి కూడా కంటతడి పెట్టని నూకాలు, ఆ ఒక్క మాటకు పిల్లవాణ్ణి గుండెకు హత్తుకుని భోరున ఏడ్చింది.

నీతి: మనకు రావలసినదాన్ని ఎవరూ పిలిచి ఇవ్వరు, చేతిలో పెట్టిన పండుతో సరిపెట్టుకోకుండా, తెలిసేదాకా అడగాలి.